పాత వైడ్ లెన్స్, 120 ఫిల్మ్: ఏ జోడీ ఎవరికి నప్పుతుంది

కోనసీమలో మా అమ్మమ్మగారి మండువా ఇల్లు పడగొడతారంటే, ఆ లోపు ఫొటోలు తీసి పెడదామని వెళ్లాను. చేతిలో 120 ఫిల్మ్ వేసే పాత కెమెరా కీవ్ 60, దానికి ఉన్నది 80 మి.మీ. నార్మల్ లెన్స్ ఒక్కటే. వసారా మూలన నిలబడి చూస్తే ఒక స్తంభం, దాని వెనక సగం తలుపు, అంతే. కొంచెం వెనక్కి, ఇంకొంచెం వెనక్కి అని జరుగుతుంటే వీపు గోడకి ఆనింది. నాలుగు వైపులా వసారా, మధ్యలో వాన నీళ్లు పడే పల్లం, పైన పెంకుల మధ్య చదరంగా కనిపించే ఆకాశం, ఇవన్నీ ఒకే ఫ్రేములోకి రావాలంటే గోడ అయినా పగలాలి, వైడ్ లెన్స్ అయినా ఉండాలి. గోడ ఎలాగూ పగులుతుంది, కానీ అప్పటికి ఇల్లే ఉండదు.

అదృష్టం కొద్దీ ఆషాఢం అడ్డొచ్చింది. మంచి రోజులు వచ్చేదాకా పని మొదలుపెట్టబోమన్నారు. ఆ నెలలో ఒక ఫ్లెక్టోగాన్ వైడ్ లెన్స్ కొని, స్నేహితుడి దగ్గర మామియా ఆర్‌బి67 అరువు తెచ్చుకుని మళ్లీ వెళ్లాను. ఆ తర్వాత కొన్నేళ్లలో ఇంకొన్ని వాడి చూశాను. ఇప్పుడు ఎవరైనా "పాత వైడ్ లెన్స్ ఏది కొనమంటావ్?" అని అడిగితే, నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఫ్రేము అంచులు నీకు ఎలా కనపడాలి?

అందరూ షార్ప్‌నెస్ గురించే అడుగుతారు. ఈ పాత లెన్సుల్లో మంచి కండిషన్‌లో ఉన్నది ఏదైనా ఎఫ్/11 దగ్గర, అంటే కాంతి వచ్చే రంధ్రాన్ని (ఎపర్చర్‌ని) బాగా చిన్నది చేస్తే, ఇంట్లో గోడకి పెట్టుకునే ప్రింటుకి సరిపోయేంత షార్ప్‌గానే ఉంటుంది. నా పాడైపోయిన ఫ్రేములన్నీ తిరగేసి చూసుకుంటే లెన్స్ వల్ల పోయినవి చాలా తక్కువ. కెమెరా లెవెల్‌గా లేక కొన్ని, ఫోకస్ అంచనా తప్పి కొన్ని, అంచున ఏముందో చూసుకోక కొన్ని పోయాయి. ఇంకొన్నిటిని ఫిల్మ్ సరిగ్గా తిరగని బాడీ మింగేసింది.

## ముందు అంకెల సంగతి

35 మి.మీ. ఫిల్మ్ నుంచో డిజిటల్ నుంచో వచ్చినవాళ్లు మొదట తడబడేది ఇక్కడే. వాళ్లకి 50 అంటే నార్మల్. 120 ఫిల్మ్ మీద నెగటివ్ పెద్దది కాబట్టి అదే 50 వైడ్ అవుతుంది. 6×6 (సెంటీమీటర్లలో నెగటివ్ సైజు) మీద 50 మి.మీ. లెన్స్, మూల నుంచి మూలకి కొలిస్తే, 35 మి.మీ. ఫార్మాట్‌లో 27, 28 లెన్స్ చూసినంత చూస్తుంది. 6×7 మీద అదే 50 దాదాపు 24కి సమానం.

చదరపు ఫ్రేముతో ఒక మెలిక ఉంది. మూలల లెక్కలో 28 అయినా, అడ్డంగా ఎంత పడుతుందని చూస్తే అది 32 లాగానే ఉంటుంది. మిగిలిన వెడల్పంతా పైకీ కిందికీ పోతుంది. పొడవాటి వసారా కోసం చదరం కొంటే కొంచెం నిరాశే. నేల, స్తంభం, పైకప్పు మూడూ కావాలనుకుంటే దానికి మించింది లేదు.

| జోడీ | నెగటివ్ | రోలుకి ఫ్రేములు | 35 మి.మీ. లెక్కలో సుమారు | చూసే పద్ధతి | షట్టర్ |
|---|---|---|---|---|---|
| కీవ్ 60 లేదా పెంటకాన్ సిక్స్, ఫ్లెక్టోగాన్ 50 ఎఫ్/4 | 6×6 | 12 | 28 | లెన్స్ గుండా | బాడీలో |
| హాసెల్‌బ్లాడ్ 500సి/ఎం, డిస్టగాన్ 50 ఎఫ్/4 | 6×6 | 12 | 28 | లెన్స్ గుండా | లెన్స్‌లో |
| హాసెల్‌బ్లాడ్ ఎస్‌డబ్ల్యుసి, బయోగాన్ 38 ఎఫ్/4.5 | 6×6 | 12 | 21 | పైన విడి ఫైండర్, ఫోకస్ అంచనాతో | లెన్స్‌లో |
| మామియా ఆర్‌బి67, సెకోర్ 65 లేదా 50 ఎఫ్/4.5 | 6×7 | 10 | 31 లేదా 24 | లెన్స్ గుండా | లెన్స్‌లో |
| మామియా సి330, సెకోర్ 55 ఎఫ్/4.5 | 6×6 | 12 | 30 | పై లెన్స్ గుండా | లెన్స్‌లో |
| ఫూజీ జీఎస్‌డబ్ల్యు690, 65 ఎఫ్/5.6 | 6×9 | 8 | 28 | రేంజ్‌ఫైండర్ | లెన్స్‌లో |

రోలుకి ఎన్ని ఫ్రేములు అన్న గడిని తేలిగ్గా తీసుకోవద్దు. రోలు ధర, కడిగించే ఖర్చు, స్కానింగ్ అన్నీ కలిపి 8తో భాగించండి, 12తో భాగించండి. ఏడాది తిరిగేసరికి ఆ తేడాతో ఇంకో లెన్స్ వస్తుంది.

## వైడ్ కదా, అన్నీ ఫోకస్‌లో ఉంటాయిలే అనుకుంటే

ఉండవు. చూపు 28 లెన్స్‌ది అయినా, ఫోకస్‌లో ఉండే లోతు మాత్రం 50 లెన్స్‌దే. ఈ మాట నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే రెండు రోల్స్ మిగిలేవి.

6×6 మీద 50 మి.మీ. లెన్స్‌ని ఎఫ్/8 దగ్గర పెడితే, దూరాన ఉన్న కొండ నుంచి దగ్గరి దాకా అంతా సరిపడా క్లియర్‌గా రావాలంటే ఫోకస్ సుమారు 6 మీటర్ల దగ్గర ఉంచాలి. అప్పుడు కూడా 3 మీటర్ల లోపల ఉన్నది మెత్తబడుతుంది. ఎఫ్/16కి వెళ్తే ఫోకస్ 3 మీటర్ల దగ్గర, క్లియర్‌గా వచ్చేది ఒకటిన్నర మీటరు నుంచి. అదే బయోగాన్ 38 అయితే ఎఫ్/16 దగ్గర దాదాపు 85 సెం.మీ. నుంచే అంతా క్లియర్‌గా ఉంటుంది. ఫోకస్ అంచనా వేసి కొట్టే కెమెరా ఇన్నేళ్లు నిలబడిందంటే ఈ లెక్క వల్లే. ఫూజీ 65 దీనికి అవతలి కొస: ఎఫ్/16 దగ్గర కూడా రెండు మీటర్ల లోపలి రాళ్లూ గడ్డీ వదిలేసుకోవాల్సిందే.

పాత లెన్సుల మీద చెక్కిన డెప్త్ గీతలు కొంచెం ఉదారంగా ఉంటాయి. ఎఫ్/16 పెట్టి ఎఫ్/11 గీతల మధ్య ఉన్న దూరాల్నే నమ్మితే పెద్ద ప్రింటులో బాధపడక్కర్లేదు.

దీనికి తోడు ఎఫ్/16 అంటే షట్టర్ నెమ్మదించాలి. వర్షాకాలం మధ్యాహ్నం ఆ వసారాలో 400 ఫిల్మ్‌తో కూడా నాకు షట్టర్ వేగం 1/8 సెకను పైకి రాలేదు. ట్రైపాడ్ లేకుండా పాత వైడ్ లెన్స్‌తో ఇంటి లోపలి ఫొటోలు తీస్తానంటే నేను పందెం కాయను.

## వాలిపోయే స్తంభాలు

కెమెరాని కాస్త పైకి ఎత్తామా, స్తంభాలన్నీ పైన ఒకదాని వైపు ఒకటి వాలిపోతాయి. అది లెన్స్ తప్పు కాదు, ఎంత ఖరీదైన లెన్స్‌తో తీసినా వాలుతాయి. కెమెరా లెవెల్‌గా ఉండటమే మందు. కానీ లెవెల్‌గా పెడితే ఫ్రేములో సగం నేలే వస్తుంది, పైన దూలం తెగిపోతుంది.

చదరపు నెగటివ్ పనికొచ్చేది ఇక్కడే. కెమెరాని లెవెల్‌గానే ఉంచి, పైన కావలసినంత వచ్చేలా కొంచెం ఎక్కువ వైడ్‌గా తీసి, ప్రింటులో కింద నేలని 6×4.5 ఆకారానికి కత్తిరిస్తే సరి. స్తంభాలు నిటారుగానే ఉంటాయి, పైకప్పు దక్కుతుంది. వ్యూ కెమెరా వాళ్లు లెన్స్‌ని పైకి జరిపి చేసే పనిని మనం కత్తెరతో చేస్తున్నాం. మా మండువా ఫొటోల్లో ఫ్రేము కట్టించుకున్నవి మూడు, మూడూ ఇలా కత్తిరించినవే.

నడుము దగ్గర పట్టుకుని పైనుంచి తొంగి చూసే ఫైండర్‌కి కూడా ఇందులో వాటా ఉంది. కంటి దగ్గర పెట్టుకునే కెమెరాని తెలియకుండానే పైకో కిందికో వంచేస్తాం. బొడ్డు దగ్గర ఉన్న కెమెరా దాదాపు లెవెల్‌గానే ఉంటుంది. ఎడమ కుడి తారుమారుగా కనిపించి మొదటి రోజు తల తిరుగుతుంది కానీ, రెండో రోలుకి అలవాటైపోతుంది.

ఇంకో సంగతి: వైడ్ లెన్స్ మూలల్లో మనుషుల్ని పెట్టకండి. మా చిన్న మావయ్యని ఫ్రేము కుడి చివర కుర్చీలో కూర్చోబెట్టి తీశాను. ప్రింటు చూసి ఆయన అన్నమాట: "ఏరా, నా తల గుమ్మడికాయ చేశావేంట్రా?" ఇల్లు మాత్రం బాగా వచ్చిందని కూడా అన్నారు, కాసేపటి తర్వాత.

## ఫ్లెక్టోగాన్ 50, కీవ్ 60 లేదా పెంటకాన్ సిక్స్ మీద

నా దగ్గర ఎక్కువ కాలం ఉన్నది ఇదే కాబట్టి దీని మంచీ చెడూ కాస్త ఎక్కువే తెలుసు. తూర్పు జర్మనీలో కార్ల్ జైస్ యెనా వాళ్లు చేసిన లెన్స్. పెంటకాన్ సిక్స్ కోసం చేసింది, అదే మౌంటు (లెన్స్ బిగించే చోటు) కీవ్ 60కీ ఉంటుంది. ముందు గాజు చిన్న కంచం అంత ఉంటుంది. ఫిల్టర్ సైజు 86 మి.మీ., వీధి చివర కెమెరా షాపులో అడిగితే నవ్వుతారు.

అంత పెద్ద గాజు ఎందుకంటే, ఇలాంటి కెమెరాలో లెన్స్ వెనక అద్దం లేచి పడటానికి చోటు కావాలి. 50 మి.మీ. లెన్స్‌ని మామూలుగా కడితే ఫిల్మ్‌కి 50 మి.మీ. దూరంలో ఉండాలి, కానీ ఆ మౌంటే ఫిల్మ్‌కి 74 మి.మీ. దూరంలో ఉంది. అందుకని ముందు వైపు కాంతిని విడదీసే పెద్ద గాజులు పెట్టి దూరాన్ని సాధిస్తారు. దీన్నే రెట్రోఫోకస్ అంటారు. డిస్టగాన్ కూడా ఇదే జాతి. సూర్యుడు ఫ్రేముకి దగ్గర్లో ఉంటే ఈ జాతి లెన్సులు తేలిగ్గా తెల్లబోతాయి, అంచుల దగ్గర గీతలు కొంచెం ఉబ్బుతాయి.

1960ల నాటి చారల మోడల్‌ని అందరూ జీబ్రా అంటారు. దానికి ఒక పూత పూసిన గాజు ఉంటుంది. తర్వాత వచ్చిన నల్లటిదాని మీద ఎంసి అని ఉంటే అది మల్టీకోటింగ్, అంటే అనేక పొరల పూత. నా దగ్గర ఉన్నది జీబ్రా. పైన తెరిచి ఉన్న ఆకాశం, కింద చీకటి వసారా ఒకే ఫ్రేములో పెడితే నీడల్లోకి కాంతి కాస్త పాకుతుంది. బ్లాక్ అండ్ వైట్‌లో నాకు అది నచ్చింది, మండువా లోపల గాలే కనపడ్డట్టు ఉంటుంది. కలర్‌లో మాత్రం ఎంసి కొనుక్కోండి. అర మీటరు దాకా ఫోకస్ అవుతుంది, రుబ్బురోలు ముందు పెట్టి ఇల్లంతా వెనక చూపించాలంటే ఇది వరం.

తలనొప్పి లెన్స్‌తో కాదు, బాడీతో. ఈ రెండు కెమెరాలకీ ఫ్రేముల మధ్య ఖాళీ సరిగ్గా రాదన్న పేరుంది, ఆ పేరు ఊరికే రాలేదు. ఆషాఢంలో తీసిన రోలులో 7వ ఫ్రేమూ 8వ ఫ్రేమూ ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. వంటింటి పొయ్యి మీద మండువా ఆకాశం పరుచుకుని ఉంది. చూసినవాళ్లు కావాలనే చేశావా అని అడుగుతారు. అవునంటాను.

ఫిల్మ్ ఎక్కించేటప్పుడు బొటనవేలితో స్పూల్‌ని బిగువుగా పట్టుకుని, కాగితం వదులు లేకుండా చూసుకుంటే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది. పెంటకాన్ సిక్స్ అయితే వైండింగ్ లీవర్‌ని చివరిదాకా తిప్పి, తిరిగి వచ్చేటప్పుడు వేలితో పట్టుకుని నెమ్మదిగా వదలాలి. టప్‌మని వదిలేస్తే లోపలి లెక్క పాడవుతుంది. ఇంత ఓపిక లేకపోతే ఫ్లెక్టోగాన్‌నే ఒక అడాప్టర్‌తో మామియా 645 మీద వాడొచ్చు. ఆ బాడీ మౌంటు దూరం 63 మి.మీ. కాబట్టి మధ్యలో అడాప్టర్ పడుతుంది. ఎపర్చర్ చేత్తో మూసుకోవాలి, చదరం పోతుంది, 50 కాస్తా 31 అవుతుంది. ఖాళీల బాధ మాత్రం ఉండదు.

ఇదే మౌంటుకి కీవ్‌లోని ఆర్సెనల్ ఫ్యాక్టరీ చేసిన మిర్-26, 45 మి.మీ. ఎఫ్/3.5 కూడా ఉంది. ఇంకాస్త వైడ్. ఒక పీసుకీ ఇంకో పీసుకీ పొంతన ఉండదు, చేత్తో పట్టుకుని, ఒక రోలు తీసి చూసే వీలుంటేనే కొనండి.

## మామియా ఆర్‌బి67

1970లో స్టూడియోల కోసం వచ్చిన కెమెరా, బరువు రెండున్నర కిలోలు దాటుతుంది. మెడకి తగిలించుకుని తిరుగుతానంటే మీ మెడ మీ ఇష్టం. కానీ ట్రైపాడ్ మీద ఇంటి లోపలి పనికి, నేను వాడినవాటిలో ఇంత కుదురుగా పనిచేసేది ఇంకోటి లేదు.

వెనక ఉన్న ఫిల్మ్ బ్యాక్‌ని తిప్పితే చాలు, అడ్డం ఫ్రేము నిలువు అవుతుంది. కెమెరాని పక్కకి పడుకోబెట్టక్కర్లేదు, ఒకసారి చేసుకున్న లెవెల్ చెదరదు. స్తంభాల ఇంట్లో ఇది ఎంత సుఖమో చెప్పలేను. ఫోకస్ బెల్లోస్‌తో (మడతల తిత్తితో) కాబట్టి దగ్గరికి వెళ్లినా ఇబ్బంది లేదు. పూర్తిగా మెకానికల్, బ్యాటరీ ఊసే లేదు. ఫిల్టర్ 77 మి.మీ., అందరి దగ్గరా ఉండే సైజే.

65, 50లలో ఏది? ఒక్కటే కొనేట్టయితే 65 అంటాను. 31కి సమానం, మనుషులున్న గదిలో తల ఉబ్బదు. 50 తీసుకుంటే చిన్న గదులకి బావుంటుంది కానీ, లెవెల్ ఒక వెంట్రుకవాసి తప్పినా దాచడం కష్టం.

దీని చాదస్తం ఏంటంటే, అద్దాన్నీ షట్టర్‌నీ సిద్ధం చేయడానికి ఒక లీవర్, ఫిల్మ్ తిప్పడానికి ఇంకో లీవర్. డార్క్ స్లైడ్ (ఫిల్మ్‌కి అడ్డంగా ఉండే రేకు) తీయడం మర్చిపోతే అసలు క్లిక్ అవ్వదు. తీయడం మర్చిపోయామని గుర్తు రావడానికే నాకు మొదటి రోజు పది నిమిషాలు పట్టింది, ఈలోపు పల్లంలో పడిన ఎండ జరిగిపోయింది. కొనేటప్పుడు చీకటి గదిలో బెల్లోస్ లోపల టార్చ్ వేసి మూలల్లో చిల్లులున్నాయేమో చూడండి. బ్యాక్‌లో ఉండే పాత ఫోమ్ ముట్టుకుంటే జిగురులా అంటుకుంటుంది, అది మార్చక తప్పదు, ఇంట్లోనే మార్చుకోవచ్చు.

## ఎస్‌డబ్ల్యుసి, ఆ బయోగాన్

డబ్బున్నవాళ్ల కల అని కొట్టిపారేద్దామనుకుంటూనే, ఒక పెద్దాయన చలవతో గోల్కొండలో ఒక రోజంతా వాడాను. లూడ్విగ్ బెర్టెలె గీసిన బయోగాన్ డిజైన్ ఇది. ఈ కెమెరా మొదటి రూపం 1954లో వచ్చింది. అద్దమే లేదు కాబట్టి లెన్స్ వెనక గాజు ఫిల్మ్‌కి చాలా దగ్గరగా దిగిపోతుంది, ముందూ వెనకా గాజులు దాదాపు అద్దంలో ప్రతిబింబంలా అమరుతాయి. అందుకే సరళ రేఖ సరళ రేఖలాగే వస్తుంది. 1969లో అపోలో 11 వాళ్లు చంద్రుడి మీద నడుస్తూ వాడిన హాసెల్‌బ్లాడ్‌కి ఉన్నదీ బయోగానే, కాకపోతే అది 60 మి.మీ. ఎఫ్/5.6.

గోల్కొండ కమానుల కింద లెవెల్ బుడగని మధ్యకి తెచ్చి, దూరం మూడు మీటర్లు అని అంచనా వేసి, ఎఫ్/16 దగ్గర కొట్టడమే. ఫోకస్ చూసుకునే పనిలేదు కాబట్టి చేయి చకచకా సాగింది. ఇంటికొచ్చి నెగటివ్‌లు చూస్తే ఒకదాంట్లో ఫ్రేము అడుగున ఎవరో విడిచిన రబ్బరు చెప్పుల జత. పైనున్న ఫైండర్‌లో చూస్తే లెన్స్ గొట్టమే అడుగు భాగాన్ని కమ్మేస్తుంది, అక్కడ ఏముందో కళ్లతో విడిగా చూసుకోవాలి. కింద కత్తిరించే అలవాటు ఉంది కనుక చెప్పులు పోయాయి, ఫొటో మిగిలింది.

ఇందులో లెన్స్ ఊడదు. అంటే ఈ డబ్బంతా పెట్టి కొనేది ఒకే ఒక్క చూపు. కట్టడాలు తీయడమే మీ పని అయితే నేనేమీ వద్దనను. అప్పుడప్పుడు వైడ్ కావాలనుకునేవాళ్లకి ఇది దండగ.

## డిస్టగాన్ 50

ఇప్పటికే 500సి/ఎం ఉన్నవాళ్లు ఇంకేమీ చదవక్కర్లేదు, ఇదే కొనండి. లేనివాళ్లు ఈ లెన్స్ కోసం హాసెల్‌బ్లాడ్‌లోకి దిగడం ఖరీదైన దారి. పాత సి లెన్సుల్లో ఎపర్చర్, షట్టర్ రింగులు రెండూ కలిసి తిరుగుతాయి, విడదీయాలంటే చిన్న నాలుకని నొక్కిపట్టాలి. కొందరికి అది ముద్దు, నాకు చిరాకు. టీ స్టార్ గుర్తు ఉన్నది మల్టీకోటింగ్‌ది. దగ్గరి వస్తువుల్ని తీసేటప్పుడు మూలలు మెత్తబడతాయి. తర్వాత వచ్చిన ఎఫ్‌ఎల్‌ఈ రకంలో దూరాన్ని బట్టి సర్దుకునే అదనపు రింగ్ పెట్టి ఆ లోటు తీర్చారు. లెన్స్, బాడీ రెండూ కాక్ అయి (స్ప్రింగ్ బిగించి) ఉన్నప్పుడే తగిలించాలి. లేకపోతే జామ్ అయ్యి స్క్రూడ్రైవర్ దాకా వెళ్తుంది. పాత కాంపూర్ షట్టర్‌ని విప్పగలిగే చేతులు తగ్గిపోతున్నాయి, మీకు తెలిసిన మెకానిక్ ఒకరున్నారా అన్నది కొనే ముందే తేల్చుకోండి.

## సి330, జీఎస్‌డబ్ల్యు690

మామియా సి330 గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడరు, పాపం. లెన్సులు మార్చుకోగల ట్విన్ లెన్స్ కెమెరా, 55 మి.మీ. జత చిన్నది, షట్టర్ చప్పుడు కూడా చిన్నదే. పెళ్లి పందిట్లో ఎవరూ తిరిగి చూడరు. చిక్కు ఏంటంటే మనం చూసేది పై లెన్స్ గుండా, ఫిల్మ్ చూసేది కింది లెన్స్ గుండా. దూరానికి తేడా తెలీదు, రెండు మీటర్ల లోపలికి వస్తే పైన తెగిపోతుంది. వైడ్ లెన్స్ కొనేదే దగ్గరికి వెళ్లడానికి కాబట్టి ఈ తేడా అస్తమానం అడ్డొస్తుంది.

ఫూజీ సంగతి వేరు. 1980 నుంచి వచ్చిన ఈ కెమెరాకి లెన్స్ ఫిక్స్, లైట్ మీటర్ లేదు, బరువు కిలోన్నర, నెగటివ్ మాత్రం 56×84 మి.మీ. పాపికొండలు, హైదరాబాద్ చుట్టూ మిగిలిన బండరాళ్లు, ఆరుబయట తీసేవాళ్లకి ఇంత పెద్ద నెగటివ్ చేతిలో పట్టుకుని తిరిగేలా దొరకడం అరుదు. లాంగ్ ఎక్స్‌పోజర్‌కి బి (నొక్కినంతసేపే తెరుచుకునేది) లేదు, టి (ఒకసారి నొక్కితే తెరిచే ఉండేది) ఉంది, దాన్ని మూయాలంటే స్పీడ్ రింగ్ తిప్పాలి, ఆ కుదుపుకి అలవాటు పడాలి. ఒక చేత్తో లెన్స్ ముందు టోపీ అడ్డుపెట్టి తిప్పడం పాత చిట్కా. కొనేటప్పుడు అడుగున ఉన్న కౌంటర్ చూడండి, అది పదేసి క్లిక్‌లకి ఒకటి చొప్పున లెక్కపెడుతుంది. నెగటివ్ నుంచి ప్రింటు తీసే మీ ఎన్‌లార్జర్ 6×6 వరకే పట్టేదైతే ఈ నెగటివ్‌ని స్కాన్ చేసుకోవడం ఒక్కటే దారి.

## చేతిలోకి తీసుకున్నాక

నా ఫ్లెక్టోగాన్ కంటే ముందు ఇంకో లెన్స్ ఆన్‌లైన్‌లో కొన్నాను. అమ్మినతను "గ్లాస్ క్లీన్" అన్నాడు. పగటి వెలుతురులో పైనుంచి చూస్తే నిజంగానే క్లీన్. రాత్రి ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చ్ ఏటవాలుగా వేస్తే లోపల సాలెగూడు లాంటి పోగులు. ఫంగస్. అంచున చిన్న పోగు అయితే ఫొటోలో తెలీదు, ధర తగ్గించి తీసుకోవచ్చు. మధ్యదాకా పాకినా, గాజంతా పొగమంచులా ఉన్నా వదిలేయండి. వైడ్ లెన్స్‌కి ఎదురు వెలుగు పడే సందర్భాలు ఎక్కువ, ఆ పొర అప్పుడే పగ తీర్చుకుంటుంది.

ఎపర్చర్ ఆకుల మీద నూనె మెరుస్తుంటే అవి నెమ్మదిగా మూసుకుంటాయి. ఫ్లెక్టోగాన్‌కి ఇది మామూలు జబ్బే. లెన్స్‌లోనే షట్టర్ ఉన్నవాటిని 1 సెకను మీద పెట్టి చెవి దగ్గర వినండి: జర్ర్‌మని ఒకే తీరుగా సాగాలి, మధ్యలో నసిగితే సర్వీసు ఖర్చు కలుపుకునే బేరం ఆడండి. ఇంకో లెన్స్ కొన్న ప్రతిసారీ ఇంకో షట్టర్ కూడా కొంటున్నట్టే.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఉండేవాళ్లు తోలు కేసులో లెన్స్ దాచొద్దు. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు, నెలకోసారి వాటిని వేడి చేసి ఆరబెట్టడం, ఇంతే. నాది పప్పుల డబ్బా.

## మరి ఏది?

మొదటిసారి కొంటున్నారు, డబ్బు చూసుకోవాలి, కొంచెం గొడవ భరించగలరు అంటే ఫ్లెక్టోగాన్‌తో కీవ్ 60. ఫిల్మ్ ఖాళీల గొడవ అస్సలు పడదంటే అదే డబ్బుకి కాస్త కలిపి ఆర్‌బి67, 65 మి.మీ. మన ఊళ్లలో పాత స్టూడియోల బీరువాల్లో మామియాలు ఇంకా ఉన్నాయి, అడిగితే తీసి చూపిస్తారు. చూసి, పట్టుకుని, టార్చ్ వేసి కొనుక్కోవచ్చు, కస్టమ్స్ టెన్షన్ ఉండదు. ఇంటి లోపలే కాకుండా ఎక్కువగా ఆరుబయట నడుస్తూ తీసేవాళ్లు ఆర్‌బి వైపు చూడకండి, ఫూజీ వైపు చూడండి. వీధుల్లో, మనుషుల మధ్య అయితే సి330. మ్యూజియం వాళ్ల కోసమో ఆర్కిటెక్ట్‌ల కోసమో డబ్బు తీసుకుని పనిచేస్తుంటే బయోగాన్ ఖర్చు తిరిగొస్తుంది.

కొనే ముందు ఎవరి దగ్గరైనా ఒక రోజు అరువు దొరికితే, ఒక్క రోలు మొత్తం ఒకే గదిలో తీయండి. తలుపు దగ్గర నుంచి, మూల నుంచి, నేల మీద కూర్చుని. నేను ఆర్‌బి67తో అలా తీసిన పదిలో నాలుగు ఇప్పుడు మా అమ్మ దగ్గర ఉన్నాయి. ఆ వసారా ఉన్న చోట ఇప్పుడు కారు పెట్టుకుంటున్నారు.